ఇనుప రాతి మీద మొక్కలు: అక్కడి కష్టం ఇనుముతో కాదు

మీరు అడిగింది ఇదీ: వరి మళ్ళలో ఇనుము ఎక్కువైతే ఆకులు కంచు రంగుకు తిరిగి పైరు గిడసబారుతుందని చదివారు. బ్రెజిల్‌లో ముడి ఇనుము గుట్టల నెత్తి మీద వందల రకాల మొక్కలు ఉన్నాయని కూడా చదివారు. రెండూ ఎలా పొసుగుతాయి? ఆ బండల మీద అసలు మట్టి ఉందా? గని కోసం తవ్వేశాక ఆ మొక్కల్ని మళ్ళీ పెంచగలమా?

నేను ఇరవై ఏళ్లకు పైగా నేలల పరీక్షల పనిలో ఉన్నాను. రెండేళ్లపాటు వాన లేని నెలలన్నీ బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఇలాంటి గుట్టల మీదే గడిపాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఆ బండల మీద మొక్కను బాధపెట్టేది ఇనుము కాదు. భాస్వరం లేకపోవడం, వేరు దిగడానికి లోతు లేకపోవడం, వాన వెలిసిన కొద్ది గంటలకే నీళ్లు కనబడకుండా పోవడం, ఈ మూడే అక్కడి కష్టాలు. ఇనుము మాత్రం కొండంత ఉన్నా మొక్కకు అందే రూపంలో లేదు.

ఎందుకంటే ఇనుముకు రెండు అవతారాలు. గాలి తగిలినచోట అది తుప్పుగా ఉంటుంది. తుప్పు నీళ్లలో కరగదు. కరగనిది వేరులోకి పోదు, విషమూ కాలేదు. వరి మడిలో జరిగేది వేరు. నీళ్లు నిలిచి మట్టిలోంచి గాలి పోతుంది. అప్పుడు అక్కడి బ్యాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ బదులు తుప్పునే వాడుకుంటుంది. ఆ పనిలో తుప్పు ఫెర్రస్ రూపానికి మారి నీళ్లలో కరుగుతుంది, వేరు దాన్ని ఆపలేక తాగేస్తుంది, ఆకులు కంచు రంగు తిరుగుతాయి. అంటే పైరును దెబ్బతీసింది మట్టిలో ఎంత ఇనుము ఉందన్నది కాదు, నీళ్లు నిలవడం. నూటికి మూడు పాళ్లు ఇనుమున్న మడిలో పైరు దెబ్బతినవచ్చు, నూటికి యాభై పాళ్లు ఉన్న బండ మీద మొక్క నిక్షేపంగా పూయవచ్చు. మీరు చదివిన రెండు విషయాలూ నిజమే, వాటి మధ్య గొడవ లేదు.

ఆమ్లత్వం మాటేమిటని అడుగుతారేమో. అక్కడి మట్టి పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఎక్కువగా 4 నుంచి 5 మధ్య ఉంటుంది. పుల్లటి నేలే. కానీ తుప్పు కరగాలంటే ఆ పులుపు చాలదు. పీహెచ్ ఒక అంకె పెరిగితే తుప్పు కరిగే తీరు దాదాపు వెయ్యి రెట్లు పడిపోతుంది, కాబట్టి 4 దగ్గర కూడా నీళ్లలోకి వచ్చేది చాలా కొద్ది. ఆ పులుపుకు ఇనుము కన్నా మాంగనీస్ సులువుగా లొంగుతుంది. ఈ గుట్టల మీద లోహాల గురించి కంగారు పడాల్సి వస్తే నేను ముందు మాంగనీస్‌నే చూస్తాను.

ఇక ఆ రాయి గురించి. దాన్ని అక్కడ కాంగా అంటారు. పాత తుపీ భాషలోని ఒక పొడుగాటి మాటకు మిగిలిన తోక అది. మినాస్ జెరాయిస్‌లో క్వాద్రిలాతెరో ఫెర్రిఫెరో అనే ప్రాంతం ఉంది, అంటే ఇనుప చతుర్భుజం. దాదాపు 7,000 చదరపు కిలోమీటర్లు. అందులో కాంగా మాత్రం కొండల నెత్తిన టోపీల్లా అక్కడక్కడా ఉంటుంది. రెండో పెద్ద చోటు అమెజాన్ అడవి మధ్యలో, పారా రాష్ట్రంలోని కరజాస్ కొండలు. చిన్న చిన్న ముక్కలు ఇంకొన్ని చోట్లా ఉన్నాయి గానీ మొక్కల సంగతి బాగా తెలిసింది ఈ రెండింటి నుంచే.

కరజాస్ గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1967 జూలై 31న బ్రేనో అగస్టో దోస్ సాంతోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త వెళ్తున్న హెలికాప్టర్ అక్కడ సెర్రా ఆర్కెయాదా అనే కొండ మీద దిగింది. వాళ్ల బృందం వెతుకుతున్నది మాంగనీస్. చుట్టూ కనుచూపు మేర అడవే, దిగడానికి చోటుండదు. ఆ కొండ నెత్తిన మాత్రం చెట్లు లేని ఖాళీ జాగా కనబడింది. దిగి సుత్తితో కొట్టి చూస్తే ఇనుప రాయి. ఆ చుట్టుపక్కల కొండల మీద కూడా అలాంటి ఖాళీ జాగాలే ఉన్నాయి. ప్రపంచంలోని అతిపెద్ద ఇనుప ఖనిజ నిల్వల్లో ఒకటి అలా బయటపడింది. ఆ జాగా ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించండి: కింద కాంగా ఉంది, అడవి చెట్టు దాని మీద నిలబడలేదు, పొట్టి మొక్కలే నిలబడ్డాయి. కింద ఏముందో మొక్కలు ముందే చెప్పాయి.

ఈ కొండల అడుగున ఉన్న చారల ఇనుప రాయి 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ పాతది. సముద్రం అడుగున ఇనుము, సిలికా పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడింది. తర్వాత కోట్ల ఏళ్ల వానలు సిలికాను కొంచెం కొంచెంగా కడుక్కుపోయాయి, కరగని ఇనుము మిగిలింది. పైపొర విరిగి ముక్కలైంది, ఆ ముక్కల మధ్య తుప్పు మళ్ళీ పేరుకుని వాటిని అతికేసింది. అదే కాంగా. చేతిలోకి తీసుకుని చూస్తే కొలిమి చిట్టెం గుర్తొస్తుంది. అంతే బరువు, అన్నే బొక్కలు. భూతద్దం పెట్టి చూస్తే ఉక్కు రంగులో మెరిసే హెమటైట్ పలుకులు, వాటి చుట్టూ పసుపు గోధుమ రంగు గోథైట్ బంక. రెండూ తుప్పు రకాలే. కాంక్రీటులో కంకర, సిమెంటు ఉన్నట్టే ఉంటుంది. నేను మొదటిరోజు మట్టి తీసే బర్మా పట్టుకుని వెళ్లాను. దింపగానే ఖంగుమని మోగి వెనక్కి ఎగిరింది. ఆ రోజుతో బర్మా పక్కన పెట్టి చెంచా, సన్నటి ఉలి పట్టుకున్నాను.

గట్టిగా ఉంది కదా అని ఇది చచ్చిన రాయి అనుకోకండి. వేర్లు, కుళ్ళిన ఆకులు ఉన్నచోట తుప్పును కరిగించే బ్యాక్టీరియా పనిచేస్తుంది. కరిగిన ఇనుము కాస్త దూరం పారి, గాలి తగలగానే మళ్ళీ తుప్పుగా పడి పగులును పూడుస్తుంది. పగలడం, పూడడం ఇలా ఆగకుండా సాగడం వల్లే ఈ టోపీలు కోట్ల ఏళ్లుగా కోత పడకుండా కొండల్ని కాపాడుతున్నాయి. దీనికి ఆహారం మొక్కల నుంచే వస్తుంది. రాయి మొక్కను నిలబెడుతోంది, మొక్క రాయిని అతుకుతోంది. నేలల పనిలో నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు.

మరి మట్టి ఉందా? ఉంది, కానీ పొరగా పరుచుకుని లేదు. నెర్రెల్లో, గుంటల్లో, పొదల మొదళ్ల దగ్గర చిక్కుకుని ఉంది. ఒక నెర్రె సంగతి చెప్తాను. వెడల్పు నా రెండు వేళ్లంత. చెంచాతో తీసుకుంటూ పోతే పైన వేలెడు మందం నల్లటి మట్టి, సగానికి సగం వేర్ల పీచు, ఎండిన ఆకు ముక్కలు. దాని కింద చాక్లెట్ రంగు పొడి, మధ్యమధ్య కందిగింజలంత ఇనుప గుళ్లు. ఇంకో జానెడు దిగగానే చెంచా రాతికి తగిలింది. కానీ వేర్లు అక్కడ ఆగలేదు, వెంట్రుకంత బొక్కలు చూసుకుని రాతిలోకి దూరిపోయాయి. ఆ నెర్రెకు రెండడుగుల దూరంలో బోడి బండ, దాని మీద లైకెన్ (బూజు, నాచు జంటగా రాతిని అంటుకుని పెరిగేది) తప్ప ఏమీ లేదు. ఇంకో రెండడుగులకు మోకాలి లోతు గుంట, అందులో పొద. ఒకే కొండ మీద ఇన్ని రకాల మొక్కలు ఎందుకున్నాయంటే సగం జవాబు ఇదే. అడుగడుక్కీ బతుకుతెరువు మారుతుంది.

మిగతా సగం జవాబు భాస్వరం. గోథైట్, హెమటైట్ రెండూ భాస్వరాన్ని పట్టుకుంటే వదలవు. ఆ నెర్రె మట్టినే కొంచెం తీసుకుని, తెలిసిన మోతాదులో ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా కుదిపి వడగట్టాను. వడగట్టిన నీళ్లలో మాలిబ్డేట్ మందు కలిపితే భాస్వరం ఉన్నకొద్దీ నీలం రంగు తేలాలి. పక్కన మట్టి కలపని గొట్టం ముదురు నీలం తిరిగింది. ఈ గొట్టం మాత్రం మంచినీళ్లలా తెల్లగా అలాగే ఉండిపోయింది. వేసిందంతా మట్టి మింగేసింది. ఇక ఆ మట్టిలో పుట్టిన మొక్క సంగతి ఊహించుకోండి. కాల్షియం, పొటాషియం కూడా అంతంత మాత్రమే, వానలు ఏనాడో కడుక్కుపోయాయి. నెర్రెల్లో కుళ్ళిన ఆకుల్లోంచి వచ్చేదే ముఖ్యమైన ఆధారం. అందుకే అక్కడి నల్లటి వేలెడు మట్టి అంత విలువైనది.

పైగా ఎండ. రాయి రంగు ముదురు, అందుకని మధ్యాహ్నానికి బండ 50 డిగ్రీలు దాటి కాలుతుంది. మోకాలు ఆనించి కూర్చోలేం. రాత్రికి కొండ మీద చలి. మినాస్ కొండల మీద వానలు అక్టోబర్ నుంచి మార్చి దాకా దండిగా పడతాయి, ఆ తర్వాత నెలల తరబడి చినుకు ఉండదు. పడ్డ వాన కూడా బొక్కల్లోంచి లోపలికి జారిపోతుంది. కింద భూగర్భ జలానికి అది వరం. ఆ ఊటలే చుట్టుపక్కల నగరాల నీళ్ల అవసరానికి ఆసరా. పైన ఉన్న మొక్కకు మాత్రం ఆ నీళ్లు అందవు.

ఇన్నిటిని తట్టుకున్న మొక్కల్లో నన్ను కట్టిపడేసింది వెల్లోజియా. అక్కడివాళ్లు దాన్ని కనెలా-డి-ఎమా అంటారు. ఎమా అంటే ఉష్ట్రపక్షి లాంటి ఒక పెద్ద పక్షి, దాని కాలులాంటి మొక్క అని అర్థం. కాంగా మీద ఎక్కువగా కనబడేది వెల్లోజియా కాంపాక్టా. రాలని పాత ఆకుల మొదళ్లు కాండం చుట్టూ చుట్టచుట్టలుగా అంటుకుని ఉంటాయి, దూరం నుంచి తాడు చుట్టిన గుంజలా కనబడుతుంది. ఆ చుట్టల్ని కాస్త ఒలిచి చూస్తే లోపల అసలు కాండం సన్నంగా ఉంటుంది, దాని చుట్టూ వేర్లు పైనుంచి కిందికి దిగుతుంటాయి. వాన, మంచు ఆ చుట్టల్లో ఇంకితే తాగడానికి. నిప్పంటుకున్నా కాలేది పైచుట్టే. ఈ కుటుంబంలో కొన్ని జాతులు ఎండాకాలంలో పూర్తిగా ఎండి, ఆకుపచ్చదనం కూడా పోగొట్టుకుని, వాన పడ్డాక మళ్ళీ పచ్చబడతాయి. చచ్చిందనుకుని పీకేసే ప్రమాదం నిజంగా ఉంది.

వాటి వేర్లు ఇంకో విద్య నేర్చాయి. అవి సేంద్రియ ఆమ్లాలు వదిలి రాతినే కొద్దికొద్దిగా కరిగించి భాస్వరం లాక్కుంటాయి. దీన్ని అదే రాష్ట్రంలోని క్వార్ట్‌జైట్ బండల మీద పెరిగే, వెల్లోజియా కుటుంబానికే చెందిన బార్బసేనియా జాతుల్లో పరిశోధకులు రుజువు చేశారు. 2019లో వచ్చిన పని అది. వేర్లలో కాపురముండే బూజు సాయంతో భాస్వరం తెచ్చుకునే మామూలు పద్ధతి ఇంత లేమి ఉన్నచోట గిట్టుబాటు కాదు. ఆస్ట్రేలియా నైరుతి మూలన ప్రోటియేసి మొక్కలు కుచ్చు వేర్లతో ఇలాంటి పనే చేస్తాయి. సముద్రాలకు అటొకటి ఇటొకటి, చుట్టరికం లేని మొక్కలు, కానీ పాతబడి సారం పోయిన నేల రెండుచోట్లా ఒకే దారి చూపించింది. ఆ పశ్చిమ ఆస్ట్రేలియాలోనే చారల ఇనుప రాతి కొండలున్నాయి, వాటిమీదా ఒక్కో కొండకే పరిమితమైన మొక్కలున్నాయి. టెట్రాథెకా అఫిల్లా అని ఆకుల్లేని పొద ఒకటి, అలాంటి కొండల నెర్రెల్లో పెరుగుతుంది.

మళ్ళీ మినాస్‌కు వస్తే, ఆర్థ్రోసీరియస్ గ్లాజియోవీ అనే జానెడు జెముడు ఉంది. ఆ ప్రాంతపు ఇనుప బండలు తప్ప దానికి లోకంలో ఇంకో చోటు లేదు. తెల్లటి పెద్ద పూలు, రాత్రిపూట పూస్తాయి. డైకియా, వ్రీసియా లాంటి అనాస కుటుంబపు మొక్కలు, రాతిని కరచుకునే ఆర్కిడ్లు, మైమోసా కలోడెండ్రాన్ అనే పొద, ఇవన్నీ అక్కడ మామూలుగా కనిపించేవే. స్టాకిటార్ఫెటా గ్లాబ్రా అని నీలి పూల పొద ఒకటుంది. దాని నీడలో మట్టి చేరుతుంది, ఆకు రాలుతుంది, మిగతా మొక్కల మొలకలు అక్కడ తలదాచుకుంటాయి. పొదల కింద మొలకల్ని లెక్కపెట్టి చూడండి, బోడి బండ మీద లెక్కతో పోల్చండి. తేడా కంటికే తెలిసిపోతుంది.

కరజాస్‌లో అందరికీ తెలిసింది ఐపోమియా కవల్కాంతెయి, ఎర్రటి గొట్టం పూల తీగ. అక్కడి కాంగా మీద తప్ప ఇంకెక్కడా లేదు. శాస్త్రం దానికి పేరు పెట్టింది 1981లో. హమ్మింగ్‌బర్డ్ పిట్టలు దాని దగ్గరికి వస్తాయి. దాని చుట్టం ఐపోమియా మరబాయెన్సిస్‌కు లేత ఊదా పూలు, తేనెటీగలు వస్తాయి. రెండూ కలిసినచోట సంకర మొక్కలూ పుడుతున్నాయి. కరజాస్ కాంగా మొత్తం కలిపితే 150 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న జాగాలో 850కి పైగా గింజ మొక్కలు నమోదయ్యాయి, వాటిలో కొన్ని పదుల జాతులు మరెక్కడా దొరకవు.

నీళ్లు నిలిస్తే ఇనుము విషమవుతుందన్నాను కదా, కాంగా మీద కూడా అలాంటి చోట్లు ఉన్నాయి. గుంటల్లో వానాకాలపు మడుగులు, కరజాస్‌లోనైతే ఏడాదంతా ఉండే చెరువులు. అక్కడ ఐసోయెటీస్ కాంగే అనే గడ్డిపరక లాంటి మొక్క నీళ్ల అడుగున బతుకుతుంది. ఒకే ఒక్క చెరువులో ఉంది. దాన్ని వేరే జాతిగా గుర్తించింది 2016లోనే. ఐసోయెటీస్ జాతులకు ఒక అలవాటు, ఆకుల్లో తయారైన ఆక్సిజన్‌ను వేర్ల ద్వారా బురదలోకి వదులుతాయి. ఆక్సిజన్ తగిలిన ఇనుము వేరు బయటే తుప్పుగా పడిపోతుంది. వరి వేరు చుట్టూ ఎర్రటి పూత చూసి ఉంటారు, అదీ ఇదే పని. ఒకే చెరువు మీద ఒక జాతి ఆధారపడి ఉందంటే నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

కొన్ని వ్యాసాల్లో వీటిని ఇనుము తినే మొక్కలని రాస్తున్నారు. దయచేసి ఆ మాట వాడకండి. ఇనుము కోసం ఏ మొక్కా అక్కడికి వెళ్లలేదు. ఇనుప రాయి వల్ల వచ్చిన లేమిని భరించగలిగినవి అక్కడ మిగిలాయి, భరించలేనివి పక్క అడవిలో ఉండిపోయాయి.

ఇక మీ మూడో ప్రశ్న, తవ్వాక మళ్ళీ పెంచగలమా. పచ్చదనం తేగలం. కాంగాను తేలేం, మన జీవితకాలంలోనైతే తేలేం. కాంగా కిందే నాణ్యమైన ఖనిజం ఉంటుంది, చాలాచోట్ల కాంగా కూడా ఖనిజంగానే అమ్ముడుపోతుంది. అందుకని గని మొదలయ్యేది ఈ మొక్కల నెత్తి మీదే.

పునరుద్ధరణలో నేను చూసిన పెద్ద తప్పు మంచి మనసుతో చేసిందే. ఒక తవ్వకపు గట్టు మీద లోతుగా మట్టి పోసి, సున్నం, భాస్వరం ఎరువు దండిగా వేశారు. మొదటి వానకే పచ్చబడింది, అందరూ సంతోషించారు. మరుసటి ఏడాదికి అదంతా ఆఫ్రికా నుంచి వచ్చిన మెలినిస్ అనే బంక గడ్డి. స్థానిక మొక్క ఒక్కటీ లేదు. లేమికి అలవాటుపడ్డ మొక్క నిదానంగా పెరుగుతుంది, ఎరువు దొరికినా దాని నడక మారదు. ఎరువు పనికొచ్చేది పరుగెత్తే గడ్డికే. ఆ గడ్డి ఎండితే మంటలు కూడా ఎక్కువ. కాబట్టి అక్కడ ఎరువు వేయకపోవడమే సేవ.

పనిచేసినవి కొన్ని ఉన్నాయి. తవ్వకానికి ముందు పైమట్టిని విడిగా తీసి, కుప్పపోసి ఏళ్ల తరబడి ఉంచకుండా వెంటనే పరచడం మొదటిది. అందులో గింజలూ ఉంటాయి, సూక్ష్మజీవులూ ఉంటాయి. కాంగా ముక్కల్ని కూడా తెచ్చి పరిస్తే నెర్రెలు, నీడలు ఏర్పడతాయి. కరజాస్‌లో మైమోసా అకుటిస్టిపులా, డయోక్లియా అపురెన్సిస్ అనే స్థానిక చిక్కుడు జాతి మొక్కలతో మొదలుపెట్టి మంచి ఫలితాలు చూశారు. అవి గాలి నుంచి నత్రజని తెచ్చుకుంటాయి కనుక మిగతావాటికి కాస్త దారి పడుతుంది. ఆర్కిడ్లను, జెముళ్లను పీకి వేరేచోట నాటడం కూడా చేస్తున్నారు, బతికినవి బతుకుతున్నాయి. ఇక ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఇందాక చెప్పిన బ్యాక్టీరియా చేత పగిలిన కాంగా ముక్కల్ని మళ్ళీ అతికించే పని మీద ఉన్నారు. ప్రయోగశాలలో అతుకు పడుతోంది. కొండ మీద పడాలంటే మొక్కలు కూడా తోడుండాలి.

అందుకే తవ్వకుండా వదిలిన ముక్కలే నిజమైన ఆధారం. 2014లో మినాస్‌లో సెర్రా దో గండరెలా జాతీయ పార్కు, 2017లో కరజాస్ పక్కన కాంపోస్ ఫెర్రుజినోసోస్ జాతీయ పార్కు ఏర్పడ్డాయి. రెండోదాని పేరుకు అర్థమే ఇనుప మైదానాలు. మొదటిది సుమారు 31,000 హెక్టార్లు, రెండోది 79,000. పార్కులో కాంగా ఉన్నది కొంత భాగమే, మిగతాది అడవి. కొండకో జాతి ఉన్నచోట ఒక కొండను కాపాడితే ఇంకో కొండ మొక్క బతకదు కాబట్టి, ఏ కొండను వదలాలో ఎంచుకునే ముందు మొక్కల లెక్క పూర్తవాలి. ఈ విషయంలో నేను రాజీ పడను.

మీరు ఇలాంటి నేల మీద ప్రాజెక్టు చేయబోతున్నట్టు రాశారు. మొత్తం ఇనుము ఎంత అన్న పరీక్షకు డబ్బు తగలేయకండి, అది రాతి సంగతి చెప్తుంది గానీ మొక్క సంగతి చెప్పదు. మట్టి లోతు కొలవండి, భాస్వరాన్ని ఎంత పట్టుకుంటుందో చూడండి, వాన తర్వాత ఎన్నిరోజులు తడి ఉంటుందో రాసుకోండి. నెర్రె మట్టి, గుంట మట్టి, పొద మొదట్లో మట్టి వేర్వేరు సంచుల్లో వేయండి. అన్నీ కలిపి ఒక నమూనా చేస్తే వచ్చే సగటు ఆ కొండ మీద ఎక్కడా ఉండదు. నమూనా కోసం తొలగించిన రాతి పలకను అదే చోట, అదే ముఖం పైకి ఉండేలా తిరిగి పెట్టండి. పైన ఉన్న లైకెన్‌కు ఎండ కావాలి, కింద దూరిన వేర్లకు నీడ కావాలి.